పాత థింక్‌ప్యాడ్‌కు నాలుగు కోర్ల ప్రాసెసర్: ఒక కేస్ స్టడీ

గుంటూరు జిల్లాలోని ఒక గ్రామ గ్రంథాలయంలో పాత తెలుగు పత్రికలను స్కాన్ చేసి, వాటిలోని మాటలను కంప్యూటర్‌లో వెతుక్కునేలా మార్చే పనిని రిటైరైన తెలుగు మాస్టారు ఒకరు చేస్తున్నారు. పగలంతా పేజీలు స్కాన్ చేసి, రాత్రి వాటిని ఓసీఆర్‌కు (బొమ్మలోని అక్షరాలను గుర్తించి టెక్స్ట్‌గా మార్చే పనికి) పెట్టి పడుకుంటారు. తెల్లారేసరికి ఓసీఆర్ పూర్తి కావడం లేదనీ, పగటి స్కానింగ్‌కూ అదే లాప్‌టాప్ కావలసి రావడంతో రెండు పనులూ ఒకదానికొకటి అడ్డు పడుతున్నాయనీ ఆయన చెప్పారు. ఆయన వాడుతున్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న లెనోవో థింక్‌ప్యాడ్ టీ440పీ. 2013లో వచ్చిన మోడల్ అది. లోపల ఇంటెల్ నాలుగో తరానికి చెందిన కోర్ ఐ5-4300ఎం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్.

"దీన్ని అమ్మేసి కొత్తది కొనమంటారా, ఇందులోనే ఏమైనా మార్చవచ్చంటారా?" అని ఆయన అడిగారు. చివరికి ప్రాసెసర్ మార్చాం. ఆ నిర్ణయానికి ఎలా వచ్చాను, ఏ చిప్‌ను ఎందుకు ఎంచుకున్నాను, మార్చాక ఏది మెరుగుపడింది, ఏది పడలేదు అన్నవి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పాత లాప్‌టాప్‌లో ప్రాసెసర్ మార్చడం చాలామందికి అక్కరలేని పని అన్నది నా అభిప్రాయం. అయితే చేసే పనిని చూసి, ఆ యంత్రం తట్టుకోగల వేడిని చూసి చిప్‌ను ఎంచుకున్నప్పుడు మాత్రం అది యంత్రానికి మరికొన్నేళ్ల ఉపయోగకరమైన జీవితాన్ని ఇస్తుంది.

అడ్డు ఎక్కడుందో తేల్చుకోవడం

లాప్‌టాప్ నెమ్మదిగా ఉంది, ప్రాసెసర్ మార్చండి అని వచ్చేవారిలో ఎక్కువమందికి నిజంగా కావలసింది ఎస్‌ఎస్‌డీ, లేదా మరో ర్యామ్ స్టిక్. పాత హార్డ్ డిస్క్‌తో నడిచే యంత్రంలో ఎంత మంచి చిప్ పెట్టినా ఆ డిస్క్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. మాస్టారి లాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ ముందే ఉంది కాబట్టి ఆ అనుమానం లేదు. అయినా ఊహ మీద ఆధారపడకుండా, ఆయన రోజూ చేసే ఓసీఆర్ పనినే నడిపించి యంత్రం ఏం చేస్తోందో గమనించాను.

పని నడుస్తున్నంతసేపూ ప్రాసెసర్‌లోని రెండు కోర్లు (విడివిడిగా లెక్కలు చేసే భాగాలు), వాటి నాలుగు థ్రెడ్లు (ఒకేసారి సాగగల పనుల వరుసలు) పూర్తిగా నిండి ఉన్నాయి. ర్యామ్ ఇంకా మిగిలే ఉంది, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే చోటు) వాడకం లేదు, ఎస్‌ఎస్‌డీ దాదాపు ఖాళీగా ఉంది. ఇంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. మాస్టారు వాడుతున్నది ఓసీఆర్ఎంవైపీడీఎఫ్ అనే ప్రోగ్రామ్. అది అక్షరాలను గుర్తించే పనిని టెసరాక్ట్‌కు అప్పగిస్తుంది, ఒక్కొక్క పేజీని ఒక్కొక్క విడి ప్రాసెస్‌గా పంపిస్తుంది. ఒక పేజీ ఫలితంతో మరో పేజీకి సంబంధం లేదు కాబట్టి, ఎన్ని కోర్లు ఉంటే అన్ని పేజీలు ఒకేసారి ముందుకు సాగుతాయి. కోర్ల సంఖ్య పెంచితే నిజంగా లాభపడే పని ఇలాగే ఉంటుంది. అదే ఆయన పని ఒకే థ్రెడ్ మీద నడిచే పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అయి ఉంటే, ప్రాసెసర్ మార్చవద్దని అక్కడికక్కడే చెప్పి ఉండేవాణ్ని.

ఇంకో కారణం కూడా కనిపించింది. పని మొదలైన కాసేపటికే చిప్ ఉష్ణోగ్రత 95 డిగ్రీలు దాటి, దాని వేగం తగ్గిపోతోంది. ఈ తరం లాప్‌టాప్ ప్రాసెసర్లకు 100 డిగ్రీలు హద్దు. ఆ హద్దును సమీపించినప్పుడు చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగాన్ని తగ్గించుకుంటుంది. వెనక మూత తీసి చూస్తే ఫ్యాన్‌కూ, చిప్ వేడిని బయటికి పంపే హీట్‌సింక్ రేకులకూ మధ్య మెత్తటి దుమ్ము దట్టంగా పేరుకుని ఉంది. పాత కాగితాలను రోజంతా తిరగేసే గదిలో వాడే యంత్రానికి అది సహజమే. చిప్ నుంచి హీట్‌సింక్‌కు వేడిని చేరవేసే థర్మల్ పేస్ట్ కూడా ఎండి పొడిపొడిగా అయిపోయింది.

అందుకే కొత్త చిప్ జోలికి పోకుండా ముందు పాత చిప్‌తోనే శుభ్రం చేసి, పేస్ట్ మార్చి, కొలతలు తీసుకున్నాను. ఈ వరుస తప్పితే శుభ్రం చేయడం వల్ల వచ్చిన లాభమంతా కొత్త ప్రాసెసర్ ఖాతాలో పడుతుంది, చివరికి దేనివల్ల ఏమి వచ్చిందో తెలియదు. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలతో) స్కాన్ చేసిన 100 పేజీలను పరీక్ష కోసం విడిగా పెట్టుకున్నాను. ఏసీ లేని అదే గదిలో, చార్జర్ పెట్టి, ప్రతిసారీ ఆ పేజీలనే నడిపించాను. శుభ్రం చేయకముందు సుమారు 17 నిమిషాలు పట్టిన పని, చేశాక సుమారు 15 నిమిషాలకు వచ్చింది. ఉష్ణోగ్రత 80 డిగ్రీల దగ్గర నిలిచింది. వేడి సమస్య తీరింది, కోర్ల కొరత మిగిలింది.

మార్చగల యంత్రమేనా?

అన్ని లాప్‌టాప్‌లలోనూ ప్రాసెసర్ మార్చలేం. కొన్నిటిలో అది సాకెట్‌లో కూర్చుని ఉంటుంది, కొన్నిటిలో నేరుగా బోర్డు మీద సోల్డర్ చేసి ఉంటుంది. ఇంటెల్ విషయంలో ఈ తేడాను పేరు చివరి అక్షరాలే చాలావరకు చెబుతాయి. నాలుగో తరంలో ఎం, ఎంక్యూ అని ముగిసేవి సాకెట్‌వి. యూ, వై, హెచ్‌క్యూ అని ముగిసేవి సోల్డర్ చేసినవి. ఈ తరంలోని సాకెట్ పేరు జీ3. లాప్‌టాప్‌లకు ఇంటెల్ సాకెట్ ప్రాసెసర్లు ఇచ్చిన చివరి తరం ఇదే. ఐదో తరం నుంచి లాప్‌టాప్ చిప్‌లన్నీ బోర్డుకు సోల్డర్ చేసే పద్ధతిలోనే వస్తున్నాయి. కాబట్టి 2015 తర్వాతి లాప్‌టాప్ తెచ్చి ఐ5 తీసి ఐ7 పెట్టమని అడిగితే, చిప్ ఒక్కటే మార్చడం కుదరదు, బోర్డునే మార్చాలి. ఆ ఖర్చు దాదాపు ఎప్పుడూ గిట్టుబాటు కాదు.

సాకెట్ ఒకటే అయినంత మాత్రాన సరిపోదు. రెండో తరం, మూడో తరం ప్రాసెసర్లు రెండూ జీ2 సాకెట్‌లోనే కూర్చుంటాయి. అయినా రెండో తరం కోసం తయారైన 6 సిరీస్ చిప్‌సెట్ (బోర్డు మీద ప్రాసెసర్‌కు తోడుగా ఉండే చిప్) లాప్‌టాప్‌లో మూడో తరం చిప్ పెడితే చాలా యంత్రాలు స్టార్ట్ కావు, వాటి బయోస్‌కు (ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్‌కు) ఆ చిప్ తెలియదు. సాకెట్, చిప్‌సెట్, బయోస్ మూడూ ఒప్పుకోవాలి. ఈ విషయాన్ని తేల్చుకోవడానికి నేను నమ్మే మార్గం ఒక్కటే: అదే మోడల్‌ను కంపెనీ స్వయంగా ఏయే ప్రాసెసర్లతో అమ్మిందో చూడటం. థింక్‌ప్యాడ్లకు లెనోవో హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్‌ను అందరికీ ఉచితంగా ఇస్తుంది. విప్పే వరుస, ఏ స్క్రూ ఎక్కడిది అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. టీ440పీని నాలుగు కోర్ల ఐ7 ప్రాసెసర్లతోనూ అమ్మారు. పైగా ఈ తరంలో ఎం రకానికీ, ఎంక్యూ రకానికీ సీపీయూఐడీ (ప్రాసెసర్ రకాన్ని తెలిపే గుర్తింపు సంఖ్య) ఒకటే కాబట్టి, బయోస్‌లోని మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలికి వెళ్లే సూచనలు) రెండింటికీ సరిపోతుంది.

ఏ చిప్?

ఇక్కడే చాలామంది పొరపడతారు. సాకెట్ ఒప్పుకునే వాటిలో అన్నిటికన్నా పెద్దదాన్ని కొనాలని చూస్తారు. ఆ లెక్కన కోర్ ఐ7-4910ఎంక్యూ లాంటిది తీసుకోవాలి. దానికి నాలుగు కోర్లు, 8 ఎంబీ క్యాష్ (చిప్ లోపలి వేగవంతమైన మెమరీ), 3.9 గిగాహెర్ట్జ్ వరకు టర్బో (వీలున్నప్పుడు తాత్కాలికంగా అందుకునే ఎక్కువ వేగం) ఉన్నాయి. అయితే దాని టీడీపీ (పూర్తి పనిభారం మీద నిలకడగా వెలువడే వేడి లెక్క) 47 వాట్లు. మాస్టారి యంత్రంలో ఉన్నది విడి గ్రాఫిక్స్ చిప్ లేని మోడళ్లకు ఇచ్చిన హీట్‌సింక్, దానితో వచ్చిన అడాప్టర్ 65 వాట్లది. చిప్ ఒక్కటే 47 వాట్లు లాగుతూ, స్క్రీన్, ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ చార్జింగ్ వాటికి తోడైతే ఆ అడాప్టర్‌కు మిగిలేది ఏమీ ఉండదు. ఓసీఆర్ అనేది ఒక నిమిషం పరుగెత్తి ఆగిపోయే పని కాదు, రాత్రంతా సాగే పని. మొదటి నిమిషంలో చూపించే వేగంతో నాకు నిమిత్తం లేదు, ఐదో గంటలో నిలకడగా ఎంత వేగం ఉంటుందన్నదే కావాలి.

అందుకే కోర్ ఐ7-4702ఎంక్యూను ఎంచుకున్నాను. దానికి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, 6 ఎంబీ క్యాష్, 2.2 గిగాహెర్ట్జ్ ప్రాథమిక వేగం, 3.2 వరకు టర్బో ఉన్నాయి. టీడీపీ 37 వాట్లు, అంటే పాత ఐ5-4300ఎం టీడీపీతో సమానం. హీట్‌సింక్, ఫ్యాన్, అడాప్టర్ దేన్నీ మార్చనక్కరలేదు. దీని తమ్ముడిలాంటి ఐ7-4712ఎంక్యూ కూడా 37 వాట్లదే, వేగం 0.1 గిగాహెర్ట్జ్ ఎక్కువ. దొరికితే అదీ మంచిదే, కానీ ఆ తేడా కోసం ఎక్కువ డబ్బు పెట్టడం అనవసరం.

ఒకే 37 వాట్లలో రెండు కోర్ల కన్నా నాలుగు కోర్లు ఎక్కువ పని ఎలా చేస్తాయన్న సందేహం మాస్టారికీ వచ్చింది. కోర్ వేగం పెంచాలంటే వోల్టేజి కూడా పెంచాలి, ఖర్చయ్యే విద్యుత్తు ఆ వోల్టేజి వర్గానికి (వోల్టేజిని దానితోనే గుణిస్తే వచ్చే అంకెకు) అనుగుణంగా పెరుగుతుంది. అందువల్ల చివరి కొద్దిపాటి వేగం కోసం అయ్యే ఖర్చు చాలా ఎక్కువ. మడిలో ఇద్దరు పరుగులు తీస్తూ నాటు వేసేకన్నా నలుగురు నిదానంగా వేస్తే అదే కూలికి ఎక్కువ నేల పూర్తయినట్టు, తక్కువ వోల్టేజిలో నడిచే నాలుగు కోర్లు అదే విద్యుత్తుతో ఎక్కువ పేజీలు పూర్తి చేస్తాయి. దీనికి తోడు మరో అనుకూలత ఉంది. నాలుగు కోర్ల డై (చిప్ మధ్యలోని సిలికాన్ ముక్క) సుమారు 177 చదరపు మిల్లీమీటర్లు, రెండు కోర్లది దానికన్నా చిన్నది. అంతే వేడి ఎక్కువ వైశాల్యం మీద పరుచుకుంటుంది కనుక హీట్‌సింక్‌కు అందించడం తేలిక.

సెకండ్ హ్యాండ్ చిప్ కొనేటప్పుడు నేను తప్పనిసరిగా చూసేవి కొన్ని ఉన్నాయి. చిప్ మీద ఎస్‌ఆర్ అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ ఉండాలి. క్యూ అక్షరంతో మొదలయ్యే కోడ్ ఉంటే అది ఇంజనీరింగ్ శాంపిల్ కావచ్చు, ధర ఎంత తక్కువైనా దాన్ని తీసుకోను. కింద 946 పిన్నులు ఉంటాయి. భూతద్దం పెట్టి వరుసల వెంట చూస్తే వంగిన పిన్ను వరుస తప్పి కనిపిస్తుంది. డై అంచులు చిట్లి ఉన్నాయేమో కూడా చూడాలి. లాప్‌టాప్ చిప్‌లకు డెస్క్‌టాప్ చిప్‌ల మాదిరిగా పైన లోహపు మూత ఉండదు, సిలికాన్ నేరుగా బయటికి ఉంటుంది. పాత యంత్రాల నుంచి అజాగ్రత్తగా పీకిన వాటిలో మూలలు చిట్లడం చూస్తుంటాం.

పని

పాత చిప్ ఆరోగ్యంగా నడుస్తున్నప్పుడే బయోస్‌ను తాజా వెర్షన్‌కు మార్చాను. బ్యాటరీ నిండుగా ఉండి, చార్జర్ కూడా పెట్టి ఉన్నప్పుడే ఆ పని చేయాలి. కరెంటు మధ్యలో పోతే బోర్డుకే ప్రమాదం. విండోస్ వాడేవారు బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే సదుపాయం) ఆన్‌లో ఉంటే, ముందు దాన్ని తాత్కాలికంగా ఆపి, రికవరీ కీని వేరేచోట రాసి పెట్టుకోవాలి. ఈ యంత్రంలో లినక్స్ కాబట్టి అది అవసరం రాలేదు. స్కాన్ చేసిన పేజీలన్నిటినీ మాత్రం బయటి డిస్క్‌లోకి కాపీ చేశాకే స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను. ఆ పేజీల్లో కొన్నిటి అసలు కాగితం మళ్లీ తిరగేయడానికి తట్టుకునే స్థితిలో లేదు.

టీ440పీని విప్పడం కష్టం కాదు. బ్యాటరీ తీసి, పవర్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుని మిగిలిన చార్జి పోయాక, వెనక చిన్న మూత, డీవీడీ డ్రైవ్, తర్వాత కింది ఫ్రేమ్ తీస్తే హీట్‌సింక్ కనిపిస్తుంది. కీబోర్డు వైపు వెళ్లవలసిన అవసరం లేదు. హీట్‌సింక్ స్క్రూలను ఒక్కొక్కటీ పూర్తిగా విప్పకుండా ఎదురెదురు మూలల్లో కొద్దికొద్దిగా వదులు చేయాలి. ఒక మూలే ముందు లేస్తే ఒత్తిడంతా డై అంచు మీద పడుతుంది. పేస్ట్ పట్టేసి హీట్‌సింక్ కదలకపోతే బలంగా లాగకూడదు. లాప్‌టాప్‌ను కొన్ని నిమిషాలు ఆన్‌లో ఉంచి వెచ్చబడ్డాక తీస్తే సులువుగా వస్తుంది.

సాకెట్‌కు పక్కన ఒక స్క్రూ లాంటి తాళం ఉంటుంది. చదునైన స్క్రూడ్రైవర్‌తో దాన్ని సగం చుట్టు తిప్పితే పిన్నుల మీద పట్టు వదులుతుంది, చిప్ చేతికి వస్తుంది. కొత్త చిప్ మీద మూలనున్న త్రికోణం గుర్తును సాకెట్ గుర్తుతో సరిచూసి వదిలితే దాని బరువుకే అది కూర్చోవాలి. వేలితో నొక్కవలసి వస్తోందంటే ఏదో తేడా ఉన్నట్టే, తీసి పిన్నులు మళ్లీ చూడాలి. తర్వాత తాళం తిరిగి బిగించాను.

పేస్ట్ విషయంలో నా పట్టుదల ఒకటే: విద్యుత్తు ప్రవహించని పేస్ట్ మాత్రమే వాడతాను. లిక్విడ్ మెటల్ కొన్ని డిగ్రీలు ఎక్కువ తగ్గిస్తుందన్నది నిజమే, కానీ అది విద్యుద్వాహకం. డై చుట్టూ ఉన్న చిన్న విడిభాగాల మీదికి జారితే షార్ట్ అవుతుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది కూడా. పల్లెటూళ్లో రోజూ మోసుకు తిరిగే లాప్‌టాప్‌కు అది తగదు. డై మొత్తానికి పలుచని పొర పరిచి, హీట్‌సింక్ మీద ముద్రించిన అంకెల వరుసలోనే స్క్రూలు బిగించాను.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ కాసేపు నల్లగానే ఉండవచ్చు, యంత్రం తనంతట తాను ఆగి మళ్లీ మొదలుకావచ్చు. మారిన ప్రాసెసర్‌తో ర్యామ్‌ను బయోస్ మళ్లీ సరిచూసుకుంటుంది. కంగారుపడి కరెంటు తీసేయకుండా ఓపిక పట్టాలి. ఈ యంత్రం కొద్దిసేపటికే బయోస్ స్క్రీన్‌కు వచ్చి, కొత్త చిప్ పేరు చూపించింది. లినక్స్‌లో ఏమీ మార్చవలసిన అవసరం రాలేదు.

ఫలితం

ర్యామ్‌ను ఇంకా పెంచకుండా, అవే 100 పేజీలను నడిపించాను. సుమారు 15 నిమిషాల పని 9 నిమిషాల లోపే పూర్తయింది. మొదట్లో కొన్ని సెకన్ల పాటు చిప్ 37 వాట్లు దాటి, తర్వాత సరిగ్గా ఆ అంకె దగ్గర స్థిరపడింది. వేగం 2.6 గిగాహెర్ట్జ్ పరిసరాల్లో, ఉష్ణోగ్రత 83 డిగ్రీల పరిసరాల్లో నిలిచాయి. టర్బో 3.2 వరకు ఉందని రాసి ఉన్నా నాలుగు కోర్లూ నిండినప్పుడు అది రాదు. విద్యుత్తు హద్దే ఇక్కడ వేగాన్ని నిర్ణయిస్తోంది, వేడి కాదు. అదే నేను కోరుకున్నది.

హద్దు విద్యుత్తుదే కాబట్టి, వోల్టేజి కొద్దిగా తగ్గిస్తే అదే 37 వాట్లలో మరింత వేగం వస్తుంది. ఈ తరం చిప్‌లు దానికి వీలిస్తాయి. ఇంటెల్ అండర్‌వోల్ట్ అనే చిన్న లినక్స్ సాధనంతో మెట్టుమెట్టుగా తగ్గిస్తూ 60 మిల్లీవోల్టుల దగ్గర ఆపాను. వేగం 2.8 దగ్గరికి చేరింది, పరీక్ష 8 నిమిషాలకు కాస్త పైన ముగిసింది. ఇంకా తగ్గించవచ్చేమో కానీ నేను ఆశపడలేదు. వోల్టేజి మరీ తగ్గితే యంత్రం ఆగిపోవడం ఒక్కటే ప్రమాదం కాదు, ఆగకుండా తప్పు ఫలితం ఇవ్వడం అంతకన్నా పెద్ద ప్రమాదం. గ్రంథాలయంలో భద్రపరిచే పాఠంలో అలాంటి తప్పు చేరితే ఎవరూ గమనించరు. అందుకే ఫలితాలను సరిచూడగల స్ట్రెస్ పరీక్షను (యంత్రాన్ని పూర్తి భారంతో నడిపే పరీక్షను) రాత్రంతా నడిపాను. ఆ తర్వాత, మార్పుకు ముందు వచ్చిన ఓసీఆర్ పాఠాన్నీ తర్వాత వచ్చిన పాఠాన్నీ వరుస వరుసకూ పోల్చి, ఒక్క అక్షరం కూడా తేడా లేదని చూసుకున్నాకే యంత్రాన్ని అప్పగించాను.

ఎనిమిది థ్రెడ్ల మీద ఎనిమిది పేజీలు ఒకేసారి నడిచేటప్పుడు 8 జీబీ ర్యామ్ అంచుకు వస్తోందని గమనించి, రెండో స్లాట్‌లో మరో 8 జీబీ డీడీఆర్3ఎల్ స్టిక్ పెట్టించాను. ఈ యంత్రాలకు 1.35 వోల్టుల రకమే కావాలి, పాత 1.5 వోల్టుల డీడీఆర్3 పనికిరాదు. లెనోవో లెక్క ప్రకారం ఈ మోడల్‌కు 16 జీబీయే గరిష్ఠం.

మెరుగుపడనివి కూడా స్పష్టంగా చెప్పాలి. బ్రౌజర్ తెరుచుకోవడం, లిబ్రెఆఫీస్‌లో టైపు చేయడం ముందెలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. ఒకే థ్రెడ్ మీద పాత ఐ5 టర్బో 3.3 కాగా, కొత్త చిప్‌ది 3.2 మాత్రమే. విడిగా ఒకే ఒక పేజీని ఓసీఆర్ చేసి చూస్తే రెండు చిప్‌లకూ దాదాపు ఒకే సమయం పట్టింది. రెండింటిలోనూ గ్రాఫిక్స్ హెచ్‌డీ 4600యే కాబట్టి వీడియో విషయంలోనూ తేడా రాదు. ఏవీ1 అనే కుదింపు పద్ధతిలోని వీడియోలను హార్డ్‌వేర్‌లో విప్పే సామర్థ్యం ఈ తరానికి లేదు. విండోస్ 11 ప్రధానంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే అధికారికంగా నడుస్తుంది, విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. కాబట్టి విండోస్ తప్పనిసరి అయినవారికి ఈ తరం యంత్రం మీద డబ్బు పెట్టమని నేను చెప్పను. మాస్టారికి ఆ ఇబ్బంది లేకపోవడం ఈ నిర్ణయంలో పెద్ద అంశమే.

మే నెల ఎండల్లో యంత్రాన్ని మళ్లీ తెప్పించుకుని చూశాను. గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు వేడెక్కుతుంది, కాబట్టి చలికాలంలో తీసిన కొలతలను నమ్మి ఊరుకోకూడదు. ఎండాకాలంలో ఉష్ణోగ్రత 90 డిగ్రీల లోపే ఉంది, వేగం తగ్గలేదు. రేకుల్లో మాత్రం కాగితపు దుమ్ము మళ్లీ పేరుకోవడం మొదలైంది. ఫ్యాన్‌ను వేలితో ఆపి పట్టుకుని, బ్లోయర్‌తో గాలిని బయటి వైపు నుంచి కొట్టి శుభ్రం చేయడం మాస్టారికి నేర్పించాను. ఆ గదిలో వాడినంతకాలం ఆరు నెలలకొకసారి అలా చేయాలి, పేస్ట్‌ను రెండు మూడేళ్లకొకసారి మార్పించుకోవాలి. తీసిన ఐ5-4300ఎంను అమ్మితే వచ్చేది నామమాత్రమే కనుక, పిన్నులు వంగకుండా డబ్బాలో పెట్టి ఆయనకే ఇచ్చాను. ఎప్పుడైనా కొత్త చిప్ మీద అనుమానం వస్తే, లోపం చిప్‌దా, బోర్డుదా అని తేల్చడానికి అది పనికొస్తుంది.